బాలింత మనస్సు: పల్లెలోను, సైనికుని ఇంటిలోను



మన పల్లెలలో ఒక స్త్రీ ఆసుపత్రిలో ప్రసవించి ఇల్లు చేరిన పిమ్మట, 42 దినములు నిండులోపల ఆశ కార్యకర్త ఆమెను ఆఱుమార్లు చూడవలెనని ప్రభుత్వపు నియమము. మూడవ దినమున, ఏడవ దినమున, పిదప 14, 21, 28, 42వ దినములందు ఆమె వచ్చి, బిడ్డను తూచి, ఒళ్లు వెచ్చబడినదేమో చూచి, బొడ్డు ఆఱినదో లేదో పరిశీలించి, పాలు పట్టు తీరును కనుగొని, తల్లికి జ్వరము, రక్తస్రావము మున్నగునవి యున్నవేమో విచారించి, తన పుస్తకములో వ్రాసికొని పోవును. ఎండలోను వానలోను నడచి వచ్చి ఈ పని చేయు ఆ స్త్రీలకు మనమందఱము ఋణపడియున్నాము. కాని ఇంత శ్రద్ధగా కూర్చిన ఈ యేర్పాటులో, "అమ్మా, నీ మనసెట్టా ఉంది? బిడ్డ పడుకున్నప్పుడైనా నీకు కన్ను మూతపడుతోందా?" అని ఆ తల్లిని కూర్చుండబెట్టి అడుగుట మాత్రము మిక్కిలి అరుదు.

నేను ఈనాడు చెప్పదలచినది ఆ ప్రశ్నను గుఱించియే. పల్లెటూరి స్త్రీకిని, సైనికుని భార్యకును, తానే సైనికవస్త్రము ధరించిన స్త్రీకిని ప్రసవకాలమందు మనోవైద్యము అందకపోవుటకు కారణము వైద్యుల కొఱత మాత్రమే కాదు. ఉన్న వైద్యము ఆమె యుండు చోటికి రాకపోవుటయు, ఆమె నోరు విప్పి చెప్పుకొనుటకు తగిన మనిషి ఎదుట లేకపోవుటయు అంతకంటె పెద్ద కారణములు. వైద్యులను ఒక్కనాటిలో సృష్టింపలేము. అడుగగల మనిషిని మాత్రము ఈ యేడాదిలోనే సిద్ధము చేసికొనవచ్చును.

ప్రసవించిన మూడు నాలుగు దినములకు కారణము తోచకుండ కన్నీరు పెట్టుట, చిన్నమాటకే మనసు నొచ్చుకొనుట, బిడ్డను చూచి ఒకప్పుడు మురిసి మఱునిమేషమున బెంగపడుట, తల్లులలో సగముమందికి పైగా కనబడును. గర్భకాలమందు అధికముగా నున్న హార్మోనులు కాన్పుతో ఒక్కపెట్టున తగ్గిపోవుటయు, నిద్ర చాలకపోవుటయు, ఒంటి నొప్పులును ఇందుకు తోడగును. రెండు వారములలో ఇది తనంతట తానే సర్దుకొనును. దీనికి మందక్కఱలేదు, కడుపునిండ తిండి, కంటినిండ నిద్ర, దగ్గఱ కూర్చుండి మాటలాడు మనిషి యున్న చాలును. అయితే ఆ రెండు వారములు గడచిన పిమ్మటను దుఃఖము తగ్గక, ఇష్టమైన పనులయందును ఆసక్తి నశించి, అన్నము సహింపక, బిడ్డ నిద్రించుచుండగా తాను ఇంటికప్పు వైపు చూచుచు రాత్రులు గడపుచు, "నాలాంటి తల్లి ఈ బిడ్డకెందుకు" అని తన్ను తాను నిందించుకొనుచు, ఒక్కొక్కప్పుడు ప్రాణము తీసికొనవలెనను తలంపునకు సైతము లోనగుచుండు తల్లి యున్నదే, ఆమెది సోమరితనము కాదు, పొగరు కాదు, పెంపకములోని లోపము కాదు, అది రోగము. ప్రసవానంతర కుంగుబాటు అని వైద్యులు దానిని పిలుచుచున్నారు. అది గర్భముతో నున్నపుడే ఆరంభము కావచ్చును. కాన్పు తరువాత ఏడాదిలోపల ఎప్పుడైనను తలయెత్తవచ్చును.

దీనికంటె అరుదైనదియు, దీనికంటె భయంకరమైనదియు మఱియొకటి కలదు. వేయి కాన్పులలో ఒకటి రెండింట, సాధారణముగా మొదటి రెండు వారములలోనే, తల్లికి మతి చలించును. నిద్ర పూర్తిగా పోవును. ఎవరును పలుకని మాటలు చెవిని బడును. బిడ్డను ఎవరో మార్చివేసిరనియో, బిడ్డలో ఏదో ప్రవేశించినదనియో ఆమె గట్టిగా నమ్మును. మన ఊళ్లలో దీనిని చూచి గాలి సోకినదందురు. వేపమండలు తెప్పింతురు, తాయెత్తు కట్టింతురు, భూతవైద్యుని పిలిపింతురు. ఈలోపల విలువైన దినములు గడచిపోవును. పాముకాటునకు వలెనే దీనికిని గంటలు లెక్కించి ఆసుపత్రికి చేర్పవలెను; తల్లిని బిడ్డతో ఒంటరిగా విడువరాదు. సకాలమున చికిత్స జరిగినచో ఈ తల్లులలో అత్యధికులు కోలుకొని, తమ బిడ్డలను తామే పెంచుకొందురు. ఈ ఒక్క సంగతి మన ప్రతి గ్రామములోను, ప్రతి గడపలోను తెలిసియుండవలెనని నా ప్రగాఢమైన కోరిక.

ఇది నేటి నాగరికత తెచ్చిపెట్టిన జబ్బు అనువారు కలరు. అది నిజము కాదు. మన కాశ్యపసంహితలో సూతికను గుఱించి ప్రత్యేకముగా నొక అధ్యాయమే కలదు. ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్తోర్ మార్సే 1858లో గర్భిణుల యొక్కయు, బాలింతల యొక్కయు మనోవ్యాధులపై ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. 1987లో జాన్ కాక్స్ మొదలగువారు ఎడింబరో పట్టికయను పది ప్రశ్నల పత్రమును సిద్ధము చేసిరి. గడచిన ఏడు దినములలో తల్లి మనస్థితి ఎట్లున్నదో అది కొద్ది నిమిషములలో తెలుపును. తనకు తాను హాని చేసికొనవలెనను తలంపు వచ్చినదా యనునది అందలి కడపటి ప్రశ్న. లోకమున అనేక భాషలలో అది నేడు వాడుకలో నున్నది.

మన దేశమున జరిగిన పరిశోధనలలో, గోవాలో విక్రమ్ పటేల్ బృందము చేసి 2002లో ప్రకటించినది మిక్కిలి ముఖ్యమైనది. కాన్పైన ఆఱు నుండి ఎనిమిది వారముల నడుమ నూటికి 23మంది తల్లులు కుంగుబాటునకు లోనై యుండిరని అందు తేలినది. అదే యేట ప్రకటితమైన, తమిళనాటి పల్లెపట్టున జరిగిన మఱియొక పరిశీలనలో, కాన్పు తరువాత క్రొత్తగా ఈ వ్యాధి పాలబడినవారు నూటికి 11మంది. ఈ సంఖ్యలకంటెను గోవా పరిశోధకులు చూపిన కారణములు మనలను ఆలోచింపజేయవలెను. దారిద్ర్యము ఒకటి, భర్తతో పొసగకపోవుట మఱియొకటి, ఆడపిల్ల పుట్టుట ఇంకొకటి. కన్నబిడ్డ ఆడుబిడ్డయగుట ఒక తల్లికి రోగకారణమగుచున్నదనగా, ఆ రోగము మూలము ఆమె దేహములో మాత్రమే వెదకిన దొరకునా? ఆ వార్త వినగానే ముఖము త్రిప్పుకొన్న మామగారిలోను, మిఠాయి పంచుటకు వెనుదీసిన బంధువులలోను, "మళ్లీ ఆడపిల్లేనా" అని పరామర్శకు వచ్చిన ఇరుగుపొరుగులలోను అది యున్నది. ఆ ఇంటివారందఱును కొంచెముగా మారిన గాని ఆ తల్లికి పూర్తిగా నయము కాదు.

బాలింతను చూచుకొను సంప్రదాయము మన పల్లెలలో లేదనుట న్యాయము కాదు. తొలికాన్పునకు పుట్టింటికి తీసికొనిపోవుట, నూనె పట్టించి వేడినీళ్లు పోయుట, సాంబ్రాణి పొగ వేయుట, పథ్యము పెట్టుట, మూడవ నెల వఱకును బరువుపని చెప్పకుండుట, ఇవి యన్నియు ఆమెకు విశ్రాంతినిచ్చుటకు పెద్దలు ఏర్పఱచినవే. తల్లి చేతి అన్నము తినుచు, తల్లి ప్రక్కన పరుండు బాలింతకు అది యెంతటి రక్షయో చెప్పనక్కఱలేదు. కాని ఆ రక్ష అందఱికిని దొరకుట లేదు. తల్లి లేని పిల్లకు పుట్టిల్లు ఎక్కడిది? రెండవ కాన్పునకు పుట్టింటివారు పిలువలేని స్థితిలో నున్న నేమి గతి? పాలమూరు నుండి వలస వెళ్లి పట్టణపు కట్టడముల నీడలో ప్రసవించిన కూలిపడుచునకు వేడినీళ్లు పోయువారెవరు? భర్త గల్ఫునకు పోయి మూడేండ్లకొకసారి ముఖము చూపు కరీంనగర్, నిజామాబాద్ పల్లెలలోని యిల్లాలి రాత్రులెట్టివి? అట్టి యిండ్లలో ఏడ్చు కోడలిని చూచి, "మేం అయిదారుగురిని కన్నాం, పొలంగట్టున పురుడు పోసుకున్నాం, ఈ ఏడుపులు మేమెరగం" అని అత్తగారు అనుట మనము వినుచునే యుందుము. ఆమె అబద్ధమాడుటలేదు. ఆమె యేడ్చిన దినములలో ఆమెను అడిగినవారు లేరు. కావున తన దుఃఖమునకు ఒక పేరు కలదనియు, దానికి మందు కలదనియు ఆమెకు తెలియకయే ముసలితనము వచ్చినది.

ఒకవేళ ఇంటివారు గుర్తించిరనుకొందము. తరువాత ఎక్కడికి పోవలెను? లక్షమంది జనాభాకు ఒక్క మనోవైద్యుడైనను లేని దేశము మనది. ఉన్నవారిలో పెక్కుమంది నగరములలోనే యున్నారు. విశాఖపట్టణములోని మానసిక వైద్యశాలయు, హైదరాబాదు ఎర్రగడ్డలోని వైద్యశాలయు పేరెన్నికగన్నవే. కాని ఆ పేర్లు మన సంభాషణలలో ఎట్టి అర్థమున ఎగతాళికి వాడబడుచున్నవో మీరందఱు ఎఱుగుదురు. పచ్చి బాలింతను, ఒడిలో పసికందుతో, అట్టి పేరున్న చోటికి తీసికొనిపోవుటకు ఏ ఇంటివారు సాహసింతురు? పాడేరు కొండలలో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసికొని రావలసిన గూడెములు నేటికిని కలవు. ప్రసవమునకే దారి లేని చోట మనోవైద్యమునకు దారి అడుగుటయెట్లు? మైదానపు పల్లెలోనైనను పట్టణమునకు పోయి రావలెనన్న ఇద్దఱి కూలి పోవును, ఆటో బాడుగ అగును, ఇంటిదగ్గఱ గేదెను చూచువారుండరు. చికిత్స నెలల తరబడి సాగవలసినది. మొదటి మారు వచ్చినవారు రెండవ మారు రాకపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

ప్రభుత్వము ఈ విషయమును పూర్తిగా విస్మరించినదనుట సరికాదు. జాతీయ మానసికారోగ్య కార్యక్రమము 1982లోనే ఆరంభమైనది. కర్ణాటకలోని బళ్లారిలో జరిపిన ప్రయోగమును మాదిరిగా గ్రహించి 1996 నుండి జిల్లాలకు విస్తరింపజేసిరి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ప్రతి పౌరునికిని మనోవైద్యము పొందు హక్కును ప్రసాదించుటయే కాక, ఒక గొప్ప మాట చెప్పినది: చికిత్సకై చేర్చుకొన్న తల్లి నుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా వేఱుచేయరాదు. బెంగుళూరులోని జాతీయ మానసికారోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009లోనే తల్లిబిడ్డలను కలిపి చేర్చుకొను ప్రత్యేక విభాగము వెలసినది. మన దేశమున అట్టివానిలో అదియే మొదటిది. అచట తల్లి మందు పుచ్చుకొనుచునే బిడ్డను దగ్గఱనుంచుకొనును. బిడ్డతో మెలగుట యెట్లో, భయము లేకుండ నీళ్లు పోయుట యెట్లో దాదులు చేయిపట్టి నేర్పుదురు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రతి బోధనాసుపత్రిలో అట్టి నాలుగైదు పడకలు వేయుట అసాధ్యమా?

ఇక సైనికుని యింటి మాట. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చేరువ మాధవరమను గ్రామము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలము నుండి తరతరములుగా అచటి యువకులు సైన్యములో చేరుచుండుటచేత దానికి మిలటరీ మాధవరమనియే పేరు స్థిరపడినది. శ్రీకాకుళము, ప్రకాశము జిల్లాలలోను ఇంటికొక్కని సైన్యమునకు పంపిన పల్లెలున్నవి. వీరుల పేర్లు మనము శిలలపై చెక్కించినాము. వారి వెనుక ఊళ్లో నిలిచి, భర్త ముఖము చూడకయే ప్రసవించి, బిడ్డకు తండ్రిని ఫోనులో చూపించిన స్త్రీలను గుఱించి మాటలాడినవారు తక్కువ.

ఆమె కష్టమునకు ఒక ప్రత్యేకత కలదు. ఆమె దుఃఖమును దాచుకొనుటయే ధర్మమని అందఱును ఆమెకు చెప్పుదురు. సరిహద్దున తుపాకి పట్టి నిలిచినవాని మనస్సు చెదరరాదు గదా! కావున వారమునకొకసారియో, కొండలలో సంకేతములు అందిననాడో ఫోను మ్రోగినపుడు, "బాగున్నాం, బాబు పాలు బాగా తాగుతున్నాడు" అని చెప్పి, ఫోను పెట్టివేసిన తరువాత ఆమె యేడ్చును. సైనికునకు ఏడాదికి అఱువది దినముల వార్షికపు సెలవును, ముప్పది దినముల క్యాజువల్ సెలవును, బిడ్డ పుట్టినపుడు పదునైదు దినముల పితృత్వపు సెలవును కలవు. కాని కుంగుబాటు సెలవు చూచుకొని రాదు. అతడు వచ్చి బిడ్డ నెత్తుకొని, నామకరణము జరిపించి, రైలెక్కిన తరువాతనే తఱచుగా ఆమె కూలబడును. భర్త సైనికవిధులపై దూరమున నున్నపుడు భార్యకు ఈ వ్యాధి భయము పెరుగునని అమెరికా సైనిక వైద్యశాలలలో జరిగిన పరిశీలనలును చెప్పుచున్నవి. దేశమేదైనను ఆ యెదురుచూపు ఒక్కటే.

భర్తతో కంటోన్మెంటునకు పోయినను కష్టము వేఱొక రూపము దాల్చును. భాష హిందీ, ప్రక్క క్వార్టరులోని పడుచు గఢ్వాలు నుండియో, కేరళ నుండియో వచ్చినది, రెండు మూడేండ్లకు బదిలీ, చుట్టఱికమనునది మరల మొదటినుండి కట్టుకొనవలసినదే. అయినను అచట సైనికాసుపత్రి నడచి పోగల దూరములో నుండును. కాన్పునకై ఆమె స్వగ్రామమునకు వచ్చినపుడు మాత్రము ఆ సౌకర్యము సికింద్రాబాదులోనో విశాఖలోనో మిగిలిపోవును. గ్రామములోని ఆశ కార్యకర్త పుస్తకములో, పురిటికి వచ్చి పోవు ఆమె పేరు ఎక్కవచ్చును, ఎక్కకపోవచ్చును. ఇట్లు సైన్యపు వైద్యమునకును, గ్రామవైద్యమునకును నడుమ ఆమె జారిపోవుచున్నది. గర్భిణియైన సైనికుని భార్య స్వగ్రామమునకు బయలుదేరినపుడు ఆమె వివరము జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా ఆ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేరునట్లు చూచుటకు క్రొత్త చట్టమేదియు అక్కఱలేదు. రెండు కార్యాలయముల నడుమ ఒక ఉత్తరము చాలును. 1966లో స్థాపితమైన సైనికుల భార్యల సంక్షేమ సంఘము దేశమంతట శాఖలు గలది; బాలింతలను పలుకరించుటలో దాని సభ్యురాండ్రకు శిక్షణ యిచ్చిన నెంత మేలగును!

సైనికవస్త్రము ధరించిన స్త్రీల విషయమున మన దేశము ఇటీవలనే ఒక మంచిపని చేసినది. అధికారిణులకు దొరకుచున్న ప్రసూతి సెలవును, శిశుసంరక్షణ సెలవును సాధారణ మహిళా సైనికులకును, నావికులకును, వాయుసైనికులకును సమానముగా ఇయ్యవలెనని 2023 నవంబరులో ప్రభుత్వము నిర్ణయించెను. దానిచే 180 దినముల ప్రసూతి సెలవు వారికి లభించును. కాని సెలవు దొరకినంత మాత్రమున నోరు విప్పు ధైర్యము దొరకదు. సైన్యములో ప్రతివారి దేహదారుఢ్యమును నిర్ణయించు 'షేప్' అను వైద్యశ్రేణిలో మొదటి అంశము మనస్సే. శ్రేణి తగ్గినచో పదోన్నతికిని, నియామకమునకును అడ్డు రావచ్చునను భయము సహజము. కాలు విరిగిన సైనికుడు నయమైన తరువాత మరల పూర్వపు శ్రేణికి వచ్చినట్లే, ప్రసవానంతర కుంగుబాటు నుండి కోలుకొన్న స్త్రీయు వచ్చునని పై యధికారులు బాహాటముగా ప్రకటించి, ఆచరణలో చూపిననాడు గాని ఆ భయము పోదు.

వైద్యులు లేని చోట వైద్యమెట్లు సాధ్యమను ప్రశ్నకు సమాధానము మన పొరుగునే యున్నది. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెలలో ఆతిఫ్ రహమాన్ అను మనోవైద్యుడు ఒక ప్రయోగము చేసి, దాని ఫలితములను 2008లో లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. అచట ఇంటింటికి తిరుగు ఆరోగ్య కార్యకర్తలు మన ఆశలవంటివారే. మనోవైద్యమును చదివినవారు కారు. వారికి కొలదిపాటి శిక్షణ యిచ్చి, కుంగుబాటుతో నున్న గర్భిణుల యిండ్లకు చివరినెల నుండి కాన్పు తరువాత పది నెలల వఱకు పదునాఱుమార్లు పంపిరి. వారు చేసినదేమి? బొమ్మలు చూపుచు మాటలాడిరి. తల్లి మనస్సులో తిరుగు నిరాశాభావములను ఒక్కొక్కటిగా బయటికి తీయించి, వానికి మారుగా మఱియొక ఆలోచన సాధ్యమని చూపిరి. చేయదగిన చిన్న పనులను నిర్ణయించి, మరుసటి రాకలో అవి జరిగినవో లేదో కనుగొనిరి. 903మంది తల్లులు ఈ పరీక్షలో పాల్గొనిరి. కాన్పైన ఆఱు నెలలకు చూడగా, మామూలు సందర్శనములు మాత్రమే జరిగినవారిలో నూటికి 53మందికి కుంగుబాటు మిగిలియుండగా, ఈ మాటల చికిత్స పొందినవారిలో అది 23మందికి మాత్రమే యుండెను. వారి బిడ్డలలో విరేచనములు తగ్గెను, టీకాలు పూర్తియైనవారు పెరిగిరి.

అందులో నాకు మిక్కిలి నచ్చిన వివేకమొకటి కలదు. ఆ కార్యకర్తలు ఇంటిలో ప్రవేశించి "మీ కోడలికి మనోవ్యాధి ఉంది" అనలేదు. బిడ్డ చక్కగా ఎదుగుట కొఱకు వచ్చితిమనిరి. బిడ్డ మేలు కోరని అత్తగారుండునా? ఆమెయే చాప వేసి కూర్చుండబెట్టినది, ఆమెయే కోడలికి ఆ అరగంట తీఱిక కల్పించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతిని ఒక కరదీపికగా ప్రకటించినది. గోవాలోను ఇట్టిది సాటి స్త్రీల ద్వారా పరీక్షింపబడినది. రావల్పిండి పల్లెలో పనికివచ్చినది రాయచోటి పల్లెలో ఏల పనికిరాదు? 2019 నుండి 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 97, ఆంధ్రప్రదేశమున 96.5 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలినది. తల్లి మన చేతిలోనికి వచ్చుచునే యున్నది. ఆ వచ్చినపుడును, ఆ తరువాత ఆఱు సందర్శనములలోను రెండు ప్రశ్నలు అడిగిన చాలును: "గడిచిన నెలలో తరచు దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనులమీద మనసు పోవడం లేదా?" రెంటిలో దేనికైనను అవునని చెప్పిన తల్లిని ఏయన్నెమ్ అను ఆరోగ్య దాది దృష్టికి తెచ్చుట, అచటినుండి వైద్యునికి చేర్చుట నియమము కావలెను. దానిని ఆశల నెత్తిన ఊరక మోపుట కూడదు. శిక్షణయు, పారితోషికమును ఇచ్చి మఱి అడుగవలెను.

మందులను గుఱించి ఒక భయము పోగొట్టవలసియున్నది. పాలిచ్చు తల్లి మనోవ్యాధికి మందు పుచ్చుకొన్న బిడ్డకు విషమగునని చెప్పి మాన్పించు పెద్దలు కలరు. సెర్ట్రలీన్ వంటి కొన్ని మందులు పాలలోనికి అత్యల్పముగా మాత్రమే చేరును. వైద్యుని సలహాపై పాలిచ్చుచునే వానిని వాడవచ్చును. ఎవరికి వారు మందు కొనుటయు, నయమైనదని తలచి హఠాత్తుగా మానుటయు మాత్రము ప్రమాదము.

చివరగా, ఇంటింట ఈ మాటలు వినుచున్న భర్తలను, అత్తలను, తల్లులను, ఆడబిడ్డలను వేడుకొనుచున్నాను. మీ యింటి బాలింత నిద్ర లేక కృశించుచున్నచో, బిడ్డను చూచి ముఖము త్రిప్పుకొనుచున్నచో, చచ్చిపోవలెనని ఒక్కమారు అన్నను, తిట్టకుడు, నవ్వకుడు, దిష్టి తీసి ఊరకుండకుడు. రాత్రి ఒక పూట బిడ్డను మీరు ఎత్తుకొని ఆమెను నిద్రపోనిండు, మరునాడే ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. సెలవులో నున్న సైనిక సోదరులారా, మరల రైలెక్కులోపల ఒక్క గంట మీ భార్యతో ఒంటరిగా కూర్చుండి, ఆమె చెప్పునది అడ్డు తగులక వినుడు. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవ ఫోను సంఖ్య 14416. దానికి రుసుము లేదు, రాత్రింబవళ్లు పనిచేయును, తెలుగులో మాటలాడువారు దొరకుదురు, పేరు చెప్పనక్కఱలేదు. సైనికులకును, వారి కుటుంబములకును ఇదే సేవ యొక్క ప్రత్యేక విభాగమును 2023 డిసెంబరు 1న పూణేలోని సైనిక వైద్య కళాశాలలో తెరచిరి. కాగితము, కలము దగ్గఱ నున్నవారు ఆ సంఖ్యను వ్రాసికొనుడు: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆఱు.